బుల్లి చిత్రిక కిట్లు కొనేవాళ్ళు ముందు ఇది చదవండి

బుల్లి పనిముట్లు చేసే సరదా ఉన్న అన్నలకీ అక్కలకీ చెప్పేదేమిటంటే, ‘పావు సైజు చిత్రిక కిట్’ అని ఆన్‌లైన్‌లో ఒకటి అమ్ముతున్నారు (చిత్రిక అంటే వడ్రంగులు చెక్కని గీసి నున్నగా చేసే పనిముట్టు). ఇత్తడి దిమ్మ, హై కార్బన్ ఉక్కు బ్లేడు, ఎబోనీ (నల్లటి గట్టి చెక్క) పిడి, అన్నీ కలిపి 6,800 రూపాయలు. నేను కొన్నాను. అందులో ఇత్తడి లేదు, గట్టిపడే ఉక్కు లేదు, ఎబోనీ అసలే లేదు. డబ్బు పోయిందన్న బాధ కంటే, దాని మీద పెట్టిన నలభై రోజుల పని పోయిందన్న బాధే ఎక్కువగా ఉంది.

మా నాన్నగారు వడ్రంగి. ఆయన వాడిన నాలుగో నంబరు ఇనప చిత్రిక మా ఇంట్లో ఇంకా ఉంది. తెలంగాణ వైపు దాన్నే రందా అంటారు. పొడవు తొమ్మిదిన్నర అంగుళాలు. పావు వంతుకి దించితే 60 మిల్లీమీటర్లు, బ్లేడు వెడల్పు 12.7. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికైతే ఏ లోహమైనా సరిపోతుంది. నాకు కావలసింది చెక్క గీసేది. కొలతలు పావు వంతుకి దిగుతాయి గానీ చెక్క నార దిగదు కదా! బ్లేడు కూర్చునే 45 డిగ్రీల వాలు మారదు. అంచు పదును పెద్దదానికి ఎంత కావాలో దీనికీ అంతే కావాలి. బ్లేడు మెత్తగా ఉంటే మిగతాది ఎంత ముద్దుగా చేసినా అది చిత్రిక కాదు.

పార్సిల్ వచ్చిన రోజే పరీక్ష చేసి ఉండాల్సింది. చేయలేదు. రోజూ రాత్రి గంటా గంటన్నర ఆకురాయితో (లోహాన్ని అరగదీసే గరుకు ఉక్కు పనిముట్టు) రుద్ది బ్లేడు ఆకారం తెచ్చాను, గాడి కోశాను, అంచు వాలు దింపాను. అప్పుడు గ్యాస్ టార్చి కింద ఎర్రగా కాచి, అయస్కాంతం అంటుకోవడం మానేదాకా ఉంచి (సుమారు 770 డిగ్రీల దగ్గర మానేస్తుంది), ఇంకొంచెం కాచి నూనెలో ముంచాను. గట్టిపడితే ఆకురాయి గాజు మీద జారినట్టు జారాలి. జారలేదు, ఇందాకటిలాగే కొరికింది. కాక చాలలేదేమోనని ఇంకో రెండుసార్లు చేశాను. అదే తీరు. చివరికి అరిగిపోయిన పాత ఆకురాయి ముక్కని అదే మంటలో కాచి, అదే నూనెలో ముంచి చూశాను. అది రాయిలా బిగిసింది. పట్టకారుతో వంచబోతే పుటుక్కున విరిగింది. లోపం నా చేతిలో లేదు, వాళ్ళిచ్చిన ఉక్కులో ఉందని అప్పుడు తెలిసింది. వీధి చివర గ్రైండింగ్ షాపులో రవ్వలు కూడా చూశాం. ఆకురాయి రవ్వలు పువ్వుల్లా చిట్లాయి, కిట్ బ్లేడువి పొడుగ్గా గీతల్లా పోయాయి. అది ఎమ్మెస్ ఇనుము, అంటే మైల్డ్ స్టీల్ అనే మెత్తటి ఉక్కు. అందులో కార్బన్ పావు శాతం కూడా ఉండదు. ఎన్నిసార్లు కాచినా గట్టిపడదు.

అనుమానం వచ్చాక ఇత్తడిని చూశాను. అయస్కాంతం అంటుకోలేదు. ఇక్కడే చాలామంది మోసపోతారు, ఎందుకంటే జింక్ మిశ్రమానికి కూడా అయస్కాంతం అంటదు. తూకం వేస్తే తెలుస్తుంది. నా దిమ్మ 75 × 20 × 16 మిల్లీమీటర్లు, అంటే 24 ఘన సెంటీమీటర్లు. నిజమైన ఇత్తడి 200 గ్రాములకి పైనే తూగాలి. వంటింటి త్రాసులో నాది 161 వచ్చింది. మూల మీద లోతుగా గీరితే పసుపు పూత కింద బూడిద రంగు కనిపించింది. పక్క పలకలు వెండి టంకంతో అతకాలనుకున్నాను. ఆ టంకం కరిగే వేడి 600 డిగ్రీలు దాటుతుంది, జింక్ మిశ్రమం 400 లోపే కరిగిపోతుంది. టార్చి పెట్టి ఉంటే దిమ్మ ముద్దయ్యేది, ఇంకా వేడెక్కితే వచ్చే జింక్ పొగ పీల్చినవాళ్ళకి జ్వరం పట్టుకుంటుంది.

పిడి చెక్కని అడ్డంగా కోస్తే లోపల తెల్లగా ఉంది. స్పిరిట్ గుడ్డతో తుడిచి రంగు వదిలితే నకిలీ అని కొందరంటారు, అది నమ్మకండి. అసలైన రోజ్‌వుడ్ కూడా స్పిరిట్‌కి రంగు వదులుతుంది. కోసి చూడటమే సరైన దారి.

అమ్మినాయన్ని అడిగితే ‘ఏడు రోజుల గడువు దాటిపోయింది, పైగా మీరు కోసేశారు’ అన్నారు. పార్సిల్ విప్పిన వీడియో కూడా నా దగ్గర లేదు. అయినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. ఇంకో సంగతి. అదే మనిషి పిడులకి ‘ఎర్రచందనం ముక్కలు కూడా ఉన్నాయి, బిల్లు ఉండదు’ అని మెసేజ్ పెట్టారు. దయచేసి ఆ జోలికి పోకండి. పర్మిట్ లేకుండా ఎర్రచందనం దగ్గరుంచుకున్నా తరలించినా అటవీ చట్టం కింద కేసవుతుంది, ముక్క చిన్నదైనా సరే. మన బుల్లి పిడులకి ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర చక్కగా సరిపోతుంది. నార సన్నం, ఆకురాయికి పెళుసుగా లేవదు.

కొత్త బ్లేడు నాన్నగారి పాత ఆకురాయి ఉక్కుతోనే మొదలుపెట్టాను. ఎర్రగా కాచి బూడిదలో రాత్రంతా చల్లారనిస్తే మెత్తబడి కోతకి వస్తోంది. ఆకారం వచ్చాక మళ్ళీ గట్టిపరిచి, ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు వచ్చేదాకా ఉంచాలి.

మీలో ఎవరి దగ్గరైనా ఈ కిట్ ఇంకా పని మొదలుపెట్టకుండా ఉంటే, దిమ్మని ఈ రాత్రే తూకం వేసి ఫొటో తీయండి. బ్లేడు మూల నుంచి బియ్యపు గింజంత ముక్క కోసి, కాచి, నూనెలో ముంచి, కళ్ళద్దాలు పెట్టుకుని వంచి చూడండి. వంగితే వెంటనే వాపసు అడగండి, గడువు ఏడు రోజులే.