బస హార్లెమ్‌లో, మనసు హేగ్‌లో: నెదర్లాండ్స్ చిత్రశాలల యాత్ర

బొమ్మలు చూడటానికే నెదర్లాండ్స్ వెళ్లే తెలుగువారికి నేను చెప్పేది ఇదే: ఆమ్‌స్టర్‌డామ్‌ను చూడండి, కానీ అక్కడ బస చేయకండి. మేము మొదట కాలువ ఒడ్డున ఒక పాత ఇంట్లో గది తీసుకున్నాం. కిటికీలోంచి చూస్తే కళ్లు చెదిరే అందం. లోపల మాత్రం మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయంటే, మా అత్తగారు ఒక చేత్తో కమ్మీ, మరో చేత్తో నా భుజం పట్టుకుని ఎక్కాల్సి వచ్చింది. లిఫ్టు లేదు. గదిలో సూట్‌కేసు తెరిస్తే నడవడానికి చోటు లేదు. దానికి తోడు 2024 నుంచి ఆ నగరంలో గది అద్దె మీద పర్యాటక పన్నే 12.5 శాతం.

అందుకే మకాం హార్లెమ్‌కు మార్చాం. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైలులో ఇరవై నిమిషాలు కూడా పట్టదు. స్టేషన్ దగ్గరే లిఫ్టున్న హోటల్, పెద్ద గది, తక్కువ అద్దె. అల్పాహారంలో రొట్టె, జున్ను, పండ్లు తప్ప ఏమీ లేవు గానీ రోజంతా నడవడానికి అవి చాలు. టికెట్ల కోసం వరుసలో నిలబడే పని కూడా లేదు. బ్యాంకు కార్డును యంత్రానికి తాకించి ఎక్కడం, దిగాక మళ్లీ తాకించడం, అంతే. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలన్నది మాత్రం ఇంటి దగ్గరే చూసుకోవాలి.

ఇక ఆమ్‌స్టర్‌డామ్‌లోని జాతీయ చిత్రశాల రైక్స్‌మ్యూజియం. టికెట్‌తో పాటు సమయం కూడా ముందే ఎంచుకోవాలి. ఉదయం తొమ్మిదికి తలుపులు తీస్తారు. ఆ మొదటి గంట బంగారం. పదకొండు దాటితే డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన ‘నైట్ వాచ్’ ముందు తలలే కనిపిస్తాయి. 1642 నాటి ఆ చిత్రాన్ని 1715లో నగర భవనంలో రెండు తలుపుల మధ్య గోడకు పట్టేలా నాలుగు వైపులా కత్తిరించారు. కళాఖండాలకు ఎలాంటి గతి పట్టగలదో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు. 2019 నుంచి దాని పరిశోధన, మరమ్మతు జనం ఎదుటే జరుగుతున్నాయి. 2024 నవంబరులో పాత వార్నిష్ తీయడం మొదలుపెట్టారు. అందుకోసం చిత్రం చుట్టూ కట్టిన అద్దాల గది అడ్డుగా ఉందని సణిగేవారిని చాలామందిని చూశాను. నాకైతే నిపుణులు పని చేస్తుండగా చూడగలగడం అదనపు లాభమే అనిపించింది.

మా అత్తగారిని నిలబెట్టేసింది 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు వెర్మీర్ వేసిన ‘పాలు పోసే స్త్రీ’. మూరెడు బొమ్మ. సన్నని పాలధార, దాని పక్కన రొట్టె, వెనక తెల్లగోడ. ఆ గోడలో ఒక మేకు, ఊడబీకిన మేకుల చిన్న చిన్న రంధ్రాలు. ‘‘ఇల్లు ఊడ్చే మనిషికే తెలుస్తాయి ఆ రంధ్రాలు’’ అన్నారు ఆవిడ. వెర్మీర్ మొదట ఆ గోడ మీద కూజాలు తగిలించే పలకను కూడా గీయబోయి తుడిచేశాడని 2022లో పరిశోధకులు కనుగొన్నారు. 2023లో ఇక్కడే జరిగిన వెర్మీర్ ప్రదర్శనకు 28 చిత్రాలు చేర్చితే ఆరున్నర లక్షల మంది వచ్చారు. టికెట్లు రోజుల్లోనే అయిపోయాయి. అంత పెద్ద ప్రదర్శన తప్పిపోయిందని బాధపడక్కర్లేదు. మామూలు రోజు పొద్దున్నే ఈ బొమ్మ ముందు దొరికే ప్రశాంతత అక్కడ దొరికి ఉండదు.

ఆసియా విభాగంలో చోళుల కాలపు కంచు నటరాజు ఉన్నాడు. చాలామంది అటు వెళ్లకుండానే తిరిగిపోతున్నారు. మనకు మరింత దగ్గరిది విట్సెన్ ఆల్బమ్. 17వ శతాబ్దంలో గోల్కొండ చిత్రకారులు వేసిన భారతీయ రాజుల రూపచిత్రాలవి. కాగితం బొమ్మలకు వెలుతురు పడదు కాబట్టి ఎప్పుడూ గోడ మీద ఉండవు. మ్యూజియం వెబ్‌సైట్లో మాత్రం తీరిగ్గా చూడవచ్చు. మచిలీపట్నంలో డచ్చి కంపెనీ కొలువుదీరిన కాలం కదా, ఆ దారి వెంట వస్త్రాలే కాదు, బొమ్మలూ వెళ్లాయి.

ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఉన్న వాన్ గో మ్యూజియం గురించి క్లుప్తంగానే చెబుతాను. సేకరణ గొప్పది, రద్దీ అంతకన్నా గొప్పది. టికెట్లు ఆన్‌లైన్‌లోనే కొనాలి. తమ్ముడికి కొడుకు పుట్టాడని 1890లో వాన్ గో వేసిన బాదం పూల చిత్రం ఒక్కదానికైనా వెళ్లాలి. భవనం మరమ్మతులకు ప్రభుత్వం ఇచ్చే నిధులు చాలవని, ఇలాగైతే మూతపడే ప్రమాదం ఉందని 2025లో మ్యూజియం బహిరంగంగా హెచ్చరించింది. ప్రయాణం పెట్టుకునే ముందు ఆ వార్తలు చూసుకోవడం మంచిది.

నా ఓటు మాత్రం హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియానికే. రెండంతస్తుల పాత భవంతి. రెండు మూడు గంటల్లో కాళ్లు నొప్పి పుట్టకుండా చూసి రావచ్చు. వెర్మీర్ వేసిన ‘ముత్యపు చెవిపోగు అమ్మాయి’ ఇక్కడే ఉంటుంది. 1881లో వేలంలో రెండు గిల్డర్లకు (అప్పటి డచ్చి డబ్బు), పైన 30 సెంట్ల కమీషన్‌కు అమ్ముడుపోయిన బొమ్మ ఇది! దగ్గరికి వెళ్లి చూస్తే ముత్యానికి చెవికి తగిలే కొక్కెమే లేదు. తెల్లరంగు రెండు కుంచె దెబ్బలు, అంతే. ఇప్పుడు నల్లగా కనిపిస్తున్న వెనక భాగం ఒకప్పుడు ఆకుపచ్చ తెర అని పరిశోధనలో తేలింది. జనం ఆమె దగ్గరే గుమిగూడతారు కాబట్టి ఫాబ్రిషియస్ అనే చిత్రకారుడు గీసిన చిన్న పిట్ట బొమ్మ ముందు ఎంతసేపైనా నిలబడవచ్చు. కాలికి సన్నని గొలుసు, పసుపు రెక్క చార. అది వేసిన 1654లోనే డెల్ఫ్ట్ పట్టణంలో జరిగిన మందుగుండు పేలుడులో ఆ చిత్రకారుడు చనిపోయాడు. సోమవారం ఈ మ్యూజియం మధ్యాహ్నమే తెరుస్తారు. 2026 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆ అమ్మాయి చిత్రం జపాన్‌లోని ఒసాకాకు వెళ్తుందని ప్రకటించారు. ఆ నెలల్లో వెళ్లేవారు ముందే కనుక్కోండి.

శాకాహారులకు హేగ్‌లో ఇంకో సుఖం, దక్షిణ అమెరికాలోని ఒకప్పటి డచ్చి వలస సురినామ్ నుంచి వచ్చినవారి రోటీ దుకాణాలు. 1873 నుంచి మన దేశం నుంచి కూలీలుగా సురినామ్‌కు వెళ్లినవారి సంతతి వీళ్లు. మెత్తని రోటీ, బంగాళాదుంప, చిక్కుడు కూర. కారం విడిగా అడిగి తీసుకోవచ్చు.

వెర్మీర్ ఊరని డెల్ఫ్ట్‌కు వెళ్లే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. అక్కడ అతని అసలు చిత్రం ఒక్కటీ లేదు. కాలువలూ చర్చీలూ చూడాలనుకుంటే పూట సరిపోతుంది. ఆ మిగిలిన పూట హార్లెమ్‌లో ఫ్రాన్స్ హాల్స్ అనే చిత్రకారుడి పేరిట ఉన్న మ్యూజియానికి ఇస్తే మేలు. ఒకప్పటి వృద్ధుల ఆశ్రమం అది. ఎనభై దాటిన వయసులో 1664లో హాల్స్ వేసిన ఆశ్రమ నిర్వాహకురాళ్ల చిత్రంలో ముసలి చేతులన్నీ వేర్వేరుగా మాట్లాడుతుంటాయి. మేము వెళ్లినప్పుడు ఆ గదిలో కాపలా ఆయన, మేమూ తప్ప ఎవరూ లేరు. మా అత్తగారికి ఆయనే కుర్చీ తెచ్చి వేశారు.