చూపు లేనివారికి పుస్తకాలు చదివి పెట్టేవాళ్లకు ఆడాసిటీ ఎంతవరకు పనికొస్తుంది?

బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాత డీఎస్సీ మెటీరియల్ కొని, చూపు లేని అభ్యర్థి కోసం చదివి రికార్డు చేయడానికి స్టూడియో అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, ఓ మోస్తరు యూఎస్‌బీ మైకు, ఆడాసిటీ చాలు. ఇది గొంతు రికార్డు చేసి దిద్దుకోవడానికి 2000 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. దాని సొంత సైటు నుంచే దించుకోండి. అదే పేరు పెట్టుకున్న వేరే సైట్లలో అడగని సరుకు కూడా వెంట వస్తుంది.

పొడుగాటి పాఠాలు చదివేవాళ్లు దీన్ని ఎంచుకోవడానికి, తప్పు పడ్డచోటు నుంచే మళ్లీ రికార్డు చేయనిచ్చే ‘పంచ్ అండ్ రోల్’ ఒక్కటి చాలు. విచిత్రం ఏమిటంటే, చాలామందికి అది ఉందనే తెలియదు. తప్పు దొర్లితే ‘సారీ’ అని మళ్లీ చదివేస్తారు, రికార్డింగ్ అయ్యాక ఆ సారీలన్నీ వెతికి కత్తిరిస్తూ కూర్చుంటారు. దానికి బదులు తప్పు పడగానే ఆపండి. ఆ వాక్యానికి ముందు తెరమీద శబ్దపు గీత చదునుగా ఉన్నచోట క్లిక్ చేసి షిఫ్ట్, డి నొక్కండి. అంతకుముందు చదివిన 5 సెకన్లు వినిపించి, క్లిక్ చేసిన చోటు నుంచి రికార్డింగ్ దానంతటదే మొదలవుతుంది. ముందు వాక్యం చెవిన పడుతుంది కాబట్టి గొంతు స్థాయి, వేగం అతుకు తెలియకుండా కలుస్తాయి. 5 సెకన్లు ఎక్కువనిపిస్తే ప్రిఫరెన్సెస్‌లో తగ్గించుకోవచ్చు. 2 లేదా 3 సరిపోతుంది.

ఇందులో ఒక గొయ్యి ఉంది. పాఠమంతా అయిపోయాక మధ్యలో ఎక్కడో తప్పు కనబడి అక్కడ షిఫ్ట్, డి నొక్కితే, ఆ క్లిప్‌లో తర్వాత ఉన్నదంతా చెరిగిపోతుంది. వెంటనే కంట్రోల్, జెడ్ కొడితే తిరిగొస్తుంది. గమనించకుండా సేవ్ చేసి మూసేస్తే మళ్లీ చదువుకోవడమే. మధ్యలో దిద్దాలంటే ఆ వాక్యాన్ని విడిగా కొత్త ట్రాక్‌లో చదివి అతికించాలి.

సెట్టింగులు ఒక్కసారి పెట్టుకుంటే చాలు. మోనో, 44100 హెర్ట్జ్. చదివేటప్పుడు మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, ఎరుపు తగలకూడదు. ఎరుపు తగిలి పగిలిన మాటను ఏ ఎఫెక్టూ బాగుచేయలేదు. గంట రికార్డింగుకు ప్రాజెక్టు ఫైలు సుమారు 635 ఎంబీ తింటుంది, డిస్కులో చోటు చూసుకోండి. పూర్తయ్యాక 64 కేబీపీఎస్ ఎంపీ3గా మారిస్తే అదే గంట 29 ఎంబీకి దిగుతుంది, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపుకోవచ్చు. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ తెరిచినప్పుడు సేవ్ కాని ప్రాజెక్టును రికవర్ చేయమంటారా అని అదే అడుగుతుంది. సేవ్ చేసేటప్పుడు క్లౌడ్ కావాలా అని అడిగితే మాత్రం మీ కంప్యూటర్‌నే ఎంచుకోండి.

ఇక ఫ్యాను సంగతి. బెజవాడ మే నెలలో ఫ్యాను ఆపి చదవమనడం తేలికే, చదవడమే కష్టం. అందుకని అందరూ వెనక హోరు తగ్గించే ‘నాయిస్ రిడక్షన్’ ఎఫెక్టు మీద పడతారు. పద్ధతి సులువే: ఎవరూ మాట్లాడని రెండు సెకన్ల ముక్కను సెలెక్ట్ చేసి ‘గెట్ నాయిస్ ప్రొఫైల్’, తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి అదే ఎఫెక్టు మళ్లీ. 6 డెసిబెల్స్‌తో మొదలుపెట్టండి. 20కి లాగితే గొంతు బిందెలోంచి వచ్చినట్టుంటుంది. అంతకంటే పెద్ద నష్టం శ, ష, సలకు. ఆ మూడూ గాలి శబ్దాలే, ఫ్యాను హోరూ గాలి శబ్దమే. హోరుతోపాటు వాటి అంచు కూడా అరిగిపోతుంది. ‘శంక’ ఏదో ‘సంక’ ఏదో తేడా తెలియని రికార్డింగు విని పరీక్షకు వెళ్లే విద్యార్థికి స్పెల్లింగు చూసుకునే దారి వేరే లేదు, చెవే ఆధారం. అందుకని ఫ్యాను ఆపి పది నిమిషాలు చదవడం, వేసుకుని అయిదు నిమిషాలు కూర్చోవడం మేలు. మైకు పెదవులకు జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉంటే ఫ, భల దగ్గర ‘టప్’ మనదు. గది మార్మోగుతుంటే చీరల బీరువా తలుపులు బార్లా తెరిచి, దానికి ఎదురుగా కూర్చుని చదవండి. ఏలూరు రోడ్డు హారన్లు తగ్గేది తెల్లవారుజామునే. అదీ ధనుర్మాసంలో అయితే గుడి మైకు ముందే లేస్తుంది.

పేజీ గుర్తులకు లేబుల్స్ బాగున్నాయి. రికార్డవుతుండగానే కంట్రోల్, ఎం నొక్కి పేజీ అంకె కొట్టవచ్చు. కీబోర్డు టకటక వినబడుతుంది కాబట్టి పేజీ తిప్పే విరామంలోనే కొట్టండి. చివర ఎక్స్‌పోర్టులో ‘మల్టిపుల్ ఫైల్స్’ ఎంచుకుంటే లేబుళ్ల దగ్గర ముక్కలై వరస అంకెలతో ఫైళ్లు వస్తాయి. చేత్తో పేర్లు పెడితే 01, 02 అనే పెట్టండి. ఒట్టి 1 అని పెడితే కొన్ని ప్లేయర్లలో 10వ పాఠం 2 కంటే ముందొచ్చి కూర్చుంటుంది.

ఆడాసిటీ చేయలేనిది ఒకటుంది, చిన్నదేం కాదు. అది డైసీ పుస్తకం తయారుచేయదు. డైసీ అంటే చూపు లేనివారి కోసం రూపొందిన ఆడియో పుస్తకాల ఫార్మాట్, అందులో వినేవారు అధ్యాయం నుంచి అధ్యాయానికి, నేరుగా 143వ పేజీకి దూకగలరు. ఎంపీ3ల గుట్టలో ఆ సౌకర్యం లేదు. నాలుగు పాఠాల నోట్సుకు పర్వాలేదు గాని, 400 పేజీల చరిత్ర పుస్తకానికి డైసీ కన్సార్టియం వారి ‘ఓబీ’ సాఫ్ట్‌వేర్ వాడాలి. అదీ ఉచితమే, విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. ఆడాసిటీలో చదివిన ఆడియోను దాంట్లోకి తెచ్చుకుని శీర్షికలు, పేజీలు గుర్తించవచ్చు. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ లాంటి ఆన్‌లైన్ లైబ్రరీకి పుస్తకం చేరాలన్న ఉద్దేశం ఉంటే, దాని సభ్య సంస్థ ఏ ఫార్మాట్ అడుగుతుందో చదవడానికి ముందే కనుక్కోండి.

కాపీరైట్ భయం చాలామందికి ఉంటుంది. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన సెక్షన్ 52(1)(జెడ్‌బీ) వికలాంగుల కోసం లాభాపేక్ష లేకుండా ఇలా మార్చుకోనిస్తుంది. ఆ వెసులుబాటు వాళ్లకే, అందరూ వినేలా యూట్యూబ్‌లో పెట్టడానికి కాదు.

వెనక వీణ సంగీతం కలిపే సరదా వద్దు. వినేవాళ్లలో చాలామంది వేగం ఒకటిన్నర, రెండు రెట్లు పెంచి వింటారు. అప్పుడు సంగీతం గోలగోలగా ఉంటుంది, నాటకఫక్కీ చదువు నవ్వు తెప్పిస్తుంది. మొదటి పది నిమిషాలు రికార్డు చేయగానే రెండు రెట్ల వేగంతో మీరే వినండి, ఆ ముక్కను చదివించుకుంటున్న వ్యక్తికీ పంపండి. పట్టికలు అడ్డంగా చదవాలా నిలువుగానా, బొమ్మ వస్తే ఎంతవరకు వర్ణించాలి, పద్యం విరవకుండా చదివాకే ప్రతిపదార్థమా అన్నవి ఆ పది నిమిషాల దగ్గరే తేల్చుకుని 11వ నిమిషం చదవండి.