చీలమండ బెణికితే ఏది మేలు: కదలకుండా ఉండటమా, ఇంట్లో వ్యాయామమా, ఫిజియో క్లినిక్కా?

మెట్టు దిగుతూ పాదం లోపలికి మడతపడి కూలబడ్డారనుకోండి. అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఎముక సంగతి. కెనడాలోని ఒట్టావాలో వైద్యులు 1992లో దీనికి తేలికైన పద్ధతి ఒకటి రూపొందించారు. చీలమండకు అటూ ఇటూ ఉబ్బెత్తుగా కనిపించే ఎముకల కొసన గానీ, వాటి వెనక అంచు మీద 6 సెంటీమీటర్ల మేర గానీ నొక్కితే నొప్పి ఉందా? దెబ్బ తగిలిన వెంటనేనూ, డాక్టరు చూసేటప్పుడూ కూడా నాలుగు అడుగులు వేయలేకపోయారా? ఈ రెంటిలో ఏది ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. చిటికెన వేలి వైపు పాదం అంచు మధ్యలో తగిలే ఎముక మీద నొప్పి ఉన్నా అంతే.

ఎముక బాగుందంటే దెబ్బ లిగమెంటుకి, అంటే ఎముకల్ని ఒకదానితో ఒకటి కట్టి ఉంచే గట్టి పట్టీకి. ఎక్కువగా దెబ్బతినేది బయటి వైపు ముందు భాగంలో ఉండే చిన్న లిగమెంటు. అది సాగి ఊరుకోవచ్చు, కొంత చినగవచ్చు, పూర్తిగా తెగనూవచ్చు. ఏ దారి మేలన్నది చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది.

కదలకుండా ఉండటం ఎవరైనా ముందుగా ఇచ్చే సలహా. నాకూ అదే చెప్పారు. మూడు వారాలు కాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నాను. వాపు తీసింది, నొప్పి పోయింది, నయమైందనుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే చదునైన నేల మీద అదే కాలు మళ్లీ మడతపడింది. అప్పుడు చూసుకుంటే పిక్క సన్నబడి ఉంది, మడమ నేలకు ఆనించి మోకాలు ముందుకు వంచబోతే చీలమండ పట్టేసినట్టుంది. లిగమెంటు అతుక్కోవడానికి కొంత బరువు, కొంత లాగుడు కావాలి. తొలి రెండు మూడు రోజులు కదలిక తగ్గించుకోవడం, కట్టు కట్టుకోవడం, కాలు ఎత్తులో పెట్టుకోవడం సరే. ఆ తర్వాత కూడా మంచాన ఉంటే నష్టమే. 'విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు' అన్న సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మిర్కిన్ కూడా, పూర్తి విశ్రాంతీ ఐసూ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని 2014లో తన మాట మార్చుకున్నారు. నొప్పి తగ్గడానికి కాసేపు ఐసు పెట్టుకుంటే తప్పేమీ లేదు. దానివల్ల త్వరగా మానుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

అయితే బాగా చినిగిన బెణుకు లెక్క వేరు. 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో, అడుగు మోపలేని స్థితిలో ఉన్న 584 మందిని పోల్చి చూశారు. పది రోజులు మోకాలి కింద పిండికట్టు వేయించుకున్నవాళ్లు గొట్టంలా తొడిగే మామూలు సాగే కట్టు వేసుకున్నవాళ్లకంటే మూడు నెలల నాటికి మెరుగ్గా ఉన్నారు. తొమ్మిది నెలలకు ఆ తేడా పోయింది. కాబట్టి తీవ్రమైన దెబ్బకు పది రోజుల పిండికట్టు మందులాంటిది. నెల రోజులకు సాగదీయడం మాత్రం వద్దు.

ఇక అసలు పోటీ ఇంటికీ క్లినిక్కీ మధ్య. కెనడాలోనే 503 మందితో చేసి, 2016లో ప్రచురించిన పరీక్ష ఫలితం చదివి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ఓ మోస్తరు బెణుకులున్నవాళ్లలో సగం మందికి మామూలు జాగ్రత్తలు రాసిచ్చి పంపారు. మిగతావారికి వాటితో పాటు ఫిజియో దగ్గర ఏడు సార్ల వరకు వ్యాయామం చేయించారు. మూడు నెలలకు పూర్తిగా కోలుకున్నవారు ఫిజియో వైపు 43 శాతం, ఇంటి వైపు 37 శాతం. చెప్పుకోదగ్గ తేడా కాదన్నారు. నన్ను ఆపింది ఆ తేడా కాదు, రెండు వైపులా సగానికి పైగా జనం మూడు నెలలకు కూడా పూర్తిగా కోలుకోకపోవడం. బెణుకే కదా అని తీసిపారేసే దెబ్బ కాదిది.

అందుకే మొదటిసారి, ఓ మోస్తరుగా బెణికితే నేను ఇంటికే ఓటు వేస్తాను, ఒక షరతు మీద. ఒకటి రెండుసార్లు ఫిజియో దగ్గర సరిగ్గా నేర్చుకోవాలి, నొప్పి పోయాక కూడా మానకూడదు. తొలి రోజుల్లో బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయడం చాలు. మన లిపి గుండ్రన కాబట్టి 'అ' నుంచి మొదలుపెడితే చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది. తర్వాత సాగే బ్యాండుతో పాదాన్ని బయటికి నెట్టడం, గోడకు ఎదురుగా నిలబడి మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించడం, మునివేళ్ల మీద లేవడం. మర్నాటికి వాపు పెరిగిందంటే ముందురోజు ఎక్కువ చేశామని అర్థం.

అందరూ వదిలేసేది ఒంటికాలి మీద నిలబడే సాధన. లిగమెంటుతో పాటు, పాదం ఎటు ఒరుగుతోందో చెప్పే కబురు కూడా మందగిస్తుంది. మళ్లీ మళ్లీ మడతపడటానికి అదొక కారణం. నెదర్లాండ్స్‌లో 522 మంది క్రీడాకారుల మీద చేసిన పరీక్షలో, మామూలు చికిత్స ముగిశాక ఎనిమిది వారాలు, వారానికి మూడుసార్లు ఇంట్లోనే ఈ బ్యాలెన్స్ సాధన చేసినవాళ్లలో ఏడాదిలో 22 శాతానికి మళ్లీ బెణికింది. చేయనివాళ్లలో 33 శాతానికి. పక్కన ఎవరూ నిలబడి చేయించలేదు.

రెండోసారి, మూడోసారి బెణికినవాళ్లు, లిగమెంటు పూర్తిగా తెగినవాళ్లు, ఆటలోకి తిరిగి దిగాల్సినవాళ్లు, ఆరు వారాలైనా కుంటుతున్నవాళ్లు, అడుగు వేయాలంటేనే భయపడేవాళ్లు మాత్రం క్లినిక్కి వెళ్లాలి. నా రెండో బెణుకుకి అదే చేశాను. నేను పాదం బయటి అంచు మీద బరువు వేస్తున్నానని ఫిజియో చూసి చెప్పేదాకా నాకు తెలియదు. క్లినిక్కి ఇచ్చే విలువంతా అలా చూసే కంటికే. వెళ్లిన ప్రతిసారీ అల్ట్రాసౌండ్ యంత్రం పెట్టి పడుకోబెట్టి పంపేస్తుంటే చోటు మార్చండి. బెణుకుకి ఆ యంత్రం మేలు చేస్తుందనడానికి తగిన ఆధారం లేదని 2011లోనే కోక్రేన్ సమీక్ష (అప్పటి దాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసేది) తేల్చింది.

ఆటలాడేవాళ్లకు బ్రేస్, అంటే చీలమండ మడతపడకుండా పట్టి ఉంచే తొడుగు, కూడా పనికొస్తుంది. మరో డచ్ పరీక్షలో ఏడాదిలో మళ్లీ బెణికింది బ్రేస్ వాడినవారిలో 15 శాతానికి, సాధన మాత్రమే చేసినవారిలో 27 శాతానికి. మైదానంలో వేసుకోండి, ఇంట్లో తీసి సాధన చేయండి.

పరుగు మొదలుపెట్టే ముందు బాగున్న కాలితో పోల్చి చూసుకోండి. మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించినప్పుడు గోడకూ బొటనవేలికీ మధ్య దూరం రెండు వైపులా సమానమా? ఒంటికాలి మునివేళ్ల మీద అన్నిసార్లే లేవగలుగుతున్నారా? కళ్లు మూసుకుని అంతసేపే నిలబడగలుగుతున్నారా? ఒంటికాలితో గెంతి తూలకుండా ఆగగలుగుతున్నారా? ఏ ఒక్కదానిలో వెనకబడినా మరో రెండు వారాలు సాధన చేసి మళ్లీ చూసుకోండి.