ఇంట్లో చదవడం నేర్పే ఫోనిక్స్ కిట్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఈ సమీక్ష ఇద్దరు పిల్లలకు ఫోనిక్స్ పద్ధతిలో, అంటే అక్షరాల శబ్దాలు నేర్పి వాటిని కలిపి చదివించే పద్ధతిలో, ఇంగ్లీషు చదవడం నేర్పడానికి నాలుగేళ్ల పాటు వాడిన అక్షర పలకల కిట్ గురించి. అయస్కాంతం అంటించిన పలకలు, శబ్దాల కార్డులు, పెద్దవాళ్లు ఏం చెప్పాలో రాసి ఉన్న పాఠాల పుస్తకం, పాఠాలతో పాటు నడిచే చిన్న కథల పుస్తకాలు ఇందులో ఉంటాయి. ఒకే పుస్తకంలో అన్నీ ఉండే స్క్రిప్టు పద్ధతి, పాటలూ చేష్టలతో నేర్పే పద్ధతి, ఒక యాప్ కూడా నెలల తరబడి వాడినవే కాబట్టి అక్కడక్కడ పోలిక వస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తాను. కిట్ మంచిదే, కానీ పలకల వల్ల కాదు. శబ్దాలు నేర్పే వరుస బాగుంది, కథల పుస్తకాలు ఆ వరుసను దాటవు. ఈ రెండూ ఉంటే నలుపు తెలుపులో అచ్చేసిన కరికులమైనా పని చేస్తుంది. ఇవి లేకపోతే పెట్టె ఎంత అందంగా ఉన్నా అనవసరం.

వరుస అంటే ఏమిటో కాస్త వివరంగా చూడాలి. ఇంగ్లీషులో అక్షరాలు 26, శబ్దాలు దాదాపు 44. ఏ, బి, సి, డి అని అక్షరమాల క్రమంలో నేర్పే కిట్‌ను చూడగానే పక్కన పెట్టవచ్చు. ఆ క్రమంలో అద్దంలో బొమ్మల్లాంటి బి, డి రెండూ మొదటి వారంలోనే వచ్చిపడతాయి, ఆ గందరగోళం కొందరు పిల్లల్ని ఏడాది దాటినా వదలదు. పాటలూ చేష్టలతో నేర్పే జాలీ ఫోనిక్స్ పద్ధతిలో మొదటి గుంపు ఎస్, ఏ, టి, ఐ, పి, ఎన్. ఈ ఆరు వచ్చేసరికే స్యాట్, పిన్, ట్యాప్, సిట్, న్యాప్, టిన్ లాంటి మాటలు పుట్టుకొస్తాయి, బిడ్డకు రెండో వారంలోనే ‘నేను చదివాను’ అన్న ధైర్యం వస్తుంది. 1983లో వచ్చిన ‘టీచ్ యువర్ చైల్డ్ టు రీడ్ ఇన్ 100 ఈజీ లెసన్స్’ పుస్తకం దారి వేరు. అది ఎమ్, ఎస్ లాంటి సాగదీయగల శబ్దాలతో మొదలవుతుంది. ‘మ్మ్మ్’ అని ఊపిరి ఉన్నంతసేపు పలకవచ్చు కాబట్టి తర్వాతి శబ్దంలోకి జారడం సులువు. పి, టి, కె అలా సాగవు, నోట్లోంచి వచ్చీ రాగానే ఆగిపోతాయి. రెండు వరుసల వెనకా ఆలోచన ఉంది, ఏది తీసుకున్నా నష్టం లేదు. మేం వాడిన కిట్ కూడా సాగే శబ్దాలతోనే ఎక్కువగా మొదలుపెట్టింది, బి, డిల మధ్య చాలా ఎడం ఉంచింది. పొట్టి ‘ఎ’, పొట్టి ‘ఇ’ శబ్దాల మధ్య కూడా అలాంటి ఎడం ఉందో లేదో చూడండి. చెవికి ఆ రెండూ దగ్గరగా ఉంటాయి, పెన్, పిన్ మాటల్లో తేడా పట్టడానికి చాలామంది పిల్లలకు సమయం పడుతుంది.

ఇక ఏ కిట్టూ చెప్పని విషయం ఒకటుంది, తెలుగు నోటికి సంబంధించినది. మన లిపిలో హల్లు రాస్తే అందులో ‘అ’ కలిసే ఉంటుంది. అందుకే బి కార్డు చూపించగానే మన నోట ‘బ’ అని వస్తుంది. ‘బ, యా, ట’ అని మూడు ముక్కలు ఇస్తే బిడ్డ ఎన్నిసార్లు కలిపినా ‘బయాట’ అవుతుంది తప్ప ‘బ్యాట్’ రాదు. పలకాల్సింది పొల్లు: బ్, ట్, క్. శబ్దం తెగిపోవాలి, వెనక అచ్చు వినపడకూడదు. బిడ్డకు కలపడం రావడం లేదని కరికులం మార్చేవాళ్లు చాలామంది ఉంటారు. మార్చేముందు తమ గొంతు ఒక్క నిమిషం రికార్డు చేసుకుని వినాలి, తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఇదే అలవాటు మాట చివర ‘ఉ’ చేరుస్తుంది. ‘క్యాటు’ అని పలికే బిడ్డ డిక్టేషన్‌లో చివర ఒక అచ్చు అదనంగా రాస్తాడు. వి, డబ్ల్యూ రెండింటికీ మనం ‘వ’తోనే సరిపెడతాం కాబట్టి వాటికీ విడిగా పని ఉంటుంది. వి పలికేటప్పుడు కింది పెదవి పైపళ్లకు తగలాలి, డబ్ల్యూకి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి. ఒక చిన్న అద్దం బల్ల మీద ఉంచితే చాలు. జెడ్ అంటే ‘జ’ కాదు, ఎస్ పలుకుతూ గొంతు కలపడం. ఈ మూడు చోట్లా పాఠాల పుస్తకం ఇచ్చిన రోజులకు రెట్టింపు పట్టింది.

కథల పుస్తకాలను పరీక్షించకుండా కొనకండి. పదో పాఠం దాకా నేర్పే శబ్దాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఆ స్థాయి కథ తీసి వరుసగా 50 మాటలు చూడండి. ఇంకా నేర్పని స్పెల్లింగు ఎదురైన ప్రతిసారీ ఒక గీత గీయండి. గీతలు ఐదు దాటితే అది పేరుకే డీకోడబుల్ (నేర్పిన శబ్దాలతోనే చదవగల) పుస్తకం. అలాంటి పుస్తకంతో బిడ్డ చదవడు, మొదటి అక్షరం చూసి, బొమ్మ చూసి ఊహిస్తాడు. ‘బొమ్మ చూసి ఏ మాటో చెప్పు’ అని పాఠంలోనే రాసిన కరికులాలు కూడా ఉన్నాయి. అది చదవడానికి సాయం కాదు, చదవకుండా తప్పించుకునే దారి. మా కిట్ కథల్లో గీతలు ఒకటి రెండుకు మించలేదు, అయినా బొమ్మలు మాత్రం కథంతా ముందే చెప్పేస్తాయి. ఒక కాగితం ముక్కతో బొమ్మ మూసి, వాక్యం చదివాక తీసి చూపించడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

ఈ పుస్తకాలతో మరో ఇబ్బంది ఉంది. మూడక్షరాల మాటలతోనే కథ నడపాలి కాబట్టి విగ్, వ్యాట్, కాబ్ లాంటివి వస్తాయి. ఇంట్లో ఇంగ్లీషు వింటూ పెరిగిన బిడ్డ శబ్దాలు కొంచెం అటూ ఇటూ పలికినా, తెలిసిన మాట చెవిలో మోగి సరిదిద్దుకుంటుంది. తెలుగింటి బిడ్డకు ఆ మాటే తెలియదు, సరిగ్గా చదివినా సరిగ్గా చదివానని తెలియదు. కథకు ముందు అలాంటి నాలుగైదు మాటలు ఏరి, తెలుగులోనే అర్థం చెప్పి, రెండుసార్లు నోటితో అనిపించాలి. 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు చెప్పిన లెక్క ఇదే: చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరం విప్పగలగడాన్ని భాష తెలియడంతో గుణిస్తే వచ్చేది. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. ఫోనిక్స్ కిట్ మొదటి భాగాన్నే చూసుకుంటుంది. రెండోదానికి పెద్దవాళ్లు రోజూ కథలు చదివి వినిపించాలి, అవి ఏ భాషలోనైనా కావచ్చు.

సైట్ వర్డ్స్, అంటే చూడగానే గుర్తుపట్టాల్సిన మాటల విషయంలో కరికులాల మధ్య తేడా ఎక్కువ. వంద మాటల జాబితా ఇచ్చి బొమ్మల్లా గుర్తుపెట్టుకోమనేవి వద్దు. ‘సెడ్’ మాటనే తీసుకుంటే ఎస్, డి మామూలుగానే పలుకుతాయి, మధ్యలోని ఏ, ఐ మాత్రమే దారి తప్పాయి. ఆ రెండు అక్షరాల కింద గీత గీసి, ‘ఇంతవరకే గుర్తుంచుకో’ అని చెబితే భారం మూడో వంతుకు వస్తుంది. మా కిట్‌లో ఇలాంటి మాటలు వారానికి ఒకటి రెండు మించి లేవు, ఇది దాని గట్టి గుణాల్లో ఒకటి.

రోజూ పాఠం ఇరవై నిమిషాలు, వారానికి ఐదు రోజులు. మూడు నిమిషాలు పాత కార్డులు, మూడు నిమిషాలు కొత్త శబ్దం, ఐదు నిమిషాలు పలకలతో మాటలు కట్టడం, రెండు మాటలూ ఒక వాక్యమూ డిక్టేషన్, మిగిలిన సమయం గట్టిగా చదవడం. తొందరలో చాలామంది డిక్టేషన్‌ను వదిలేస్తారు, వదలకూడనిది అదే. చదివేటప్పుడు ఊహతో నెట్టుకురావచ్చు, రాసేటప్పుడు ప్రతి శబ్దాన్నీ విడదీసి వినాల్సిందే. కార్డుల డబ్బాలో మూడు గదులు పెట్టండి: రోజూ చూసేవి, వారానికోసారి చూసేవి, వచ్చేసినవి. తడుముకోకుండా, వరుసగా మూడు రోజులు చెప్పిన కార్డే తర్వాతి గదికి వెళ్తుంది. ఒక్కసారి చెప్పగానే పంపేస్తే పదిహేను రోజుల తర్వాత అది మళ్లీ కొత్త కార్డే. కలిపేటప్పుడు మూడు శబ్దాలూ విడివిడిగా చెప్పించి చివర్లో కలపమనకండి, చివరికి వచ్చేసరికి మొదటిది మరిచిపోతారు. ‘స్’, తర్వాత ‘స్యా’, తర్వాత ‘స్యాట్’ అని పేర్చుకుంటూ వెళ్లాలి. పలకలే చూడకుండా, కేవలం విని ‘స్... యా... ట్’ను కలపలేని బిడ్డకు పాఠాలు మొదలుపెట్టడం తొందరపాటు. రెండు వారాలు నోటి ఆటలతోనే గడపండి.

పలకల గురించి చెప్పాలంటే, అచ్చులకు ఒక రంగు, హల్లులకు ఒక రంగు ఉండటం నిజంగా పనికొస్తుంది. ఎస్, హెచ్ కలిపి ఒకే పలక మీద అచ్చేయడం మరింత పనికొస్తుంది, రెండక్షరాలు ఒకే శబ్దమని కంటికే తెలుస్తుంది. అన్నిటికంటే బాగా ఉపయోగపడింది ‘క్యాప్’ చివర ‘ఈ’ అక్షరం పలక పెట్టి ‘కేప్’ చేసి, తీసేసి మళ్లీ ‘క్యాప్’ చేసే దశలో. పది నిమిషాల వివరణ చేయలేని పని ఆ ఒక్క కదలిక చేస్తుంది. లోపాలూ ఉన్నాయి. పలక తిరగబడితే చిన్నబడి బి కాస్తా క్యూలా, డి కాస్తా పిలా, ఎన్ కాస్తా యూలా కనబడుతుంది, అందుకని ప్రతి పలక అడుగు అంచున పర్మనెంట్ మార్కర్‌తో గీత గీయక తప్పలేదు. అయస్కాంతాలు ఏడాది తిరక్కుండానే ఊడటం మొదలయ్యాయి. చిన్నబడి ‘ఏ’ అక్షరం పలక మీద చేతిరాత రూపంలో ఉంది, కథల పుస్తకంలో పైన కొక్కెం ఉన్న అచ్చు రూపంలో ఉంది, ఆ రెండూ ఒకటేనని విడిగా నేర్పాల్సి వచ్చింది. మందపాటి అట్టను మూడు సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించి రాసుకున్నా ఈ పని జరుగుతుంది.

బిడ్డ చదువుతున్నాడా, కథను కంఠస్థం చేశాడా అన్న అనుమానం వస్తే, అర్థం లేని మాటలు ఇవ్వండి: మెబ్, సుగ్, వ్యాప్. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో ఏడాది చివర్లో పిల్లలకు పెట్టే ఫోనిక్స్ పరీక్షలో 40 మాటలుంటే 20 ఇలా కల్పించినవే. పుస్తకం గడగడా చదివి వీటి దగ్గర ఆగిపోయే బిడ్డకు ఆరేడు పాఠాలు వెనక్కి వెళ్లడం అవసరం. స్థాయి మారడానికి మేం పెట్టుకున్న కొలత: కొత్త పేజీలో ఇరవై మాటలకు ఒకటి కంటే ఎక్కువ తప్పకూడదు.

ఈ కిట్ మూడో భాగం నుంచి సాగదీతగా అనిపిస్తుంది, దానికి కారణం ఉంది. ఇది పుట్టిన ఆర్టన్-గిల్లింగ్‌హామ్ ధోరణి 1930లలో చదవడంలో ఇబ్బంది పడే పిల్లల కోసం రూపుదిద్దుకుంది. పునశ్చరణ అందులో ప్రాణం. తడబడే బిడ్డకు అదే బలం. చురుగ్గా అందుకునే బిడ్డకు అదే విసుగు, ఆ బిడ్డతో డిక్టేషన్ ఒక్కటి పెట్టి చూసి, తప్పు లేకపోతే పాఠం దాటేయవచ్చు. మా ఇద్దరిలో ఒకరికి మొత్తం మూడేళ్లు పట్టింది, ఇంకొకరికి రెండేళ్లు చాలింది.

స్క్రిప్టు పుస్తకం ఓపిక ఉన్న బిడ్డకు, తీరిక తక్కువున్న పెద్దవాళ్లకు బాగుంటుంది. సరంజామా సర్దే పని లేదు, కానీ చేతులకు పని కూడా లేదు, ఐదేళ్లలోపు పిల్లలు పదో నిమిషానికే కదిలిపోతారు. పాటలూ చేష్టలూ శబ్దాలు గుర్తుండటానికి గొప్ప సాయం, అయితే పాట అయిపోయాక మాట కట్టించకపోతే అక్కడే ఆగిపోతుంది. యాప్ కార్డుల పునశ్చరణ వరకు సరే. బిడ్డ బయటికి ఎలా పలుకుతున్నాడో మేం వాడిన యాప్ వినదు, నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడం చదవడం కాదు.

మళ్లీ కొనాల్సి వస్తే మొదటి రెండు భాగాలు, వాటి కథల పుస్తకాలు మాత్రమే కొంటాం. పలకలు అట్టతో చేసుకుని, మిగిలిన డబ్బుతో ఇంకో వరుస డీకోడబుల్ పుస్తకాలు తెస్తాం. కిట్‌లో ఇచ్చిన కథలు ప్రతి బిడ్డకూ సరిపోవు, ముఖ్యంగా పొట్టి అచ్చుల దగ్గర ఒక్కో శబ్దానికి కనీసం మూడు కథలు కావాలి, ఇందులో ఉన్నది ఒకటే.