ఆసుపత్రికి సీఎల్‌టీ చెక్క శ్లాబులు: వార్డులకు భేష్, బాత్‌రూముల దగ్గర జాగ్రత్త

స్ప్రూస్ లాంటి చెక్క పట్టీలను ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా పేర్చి, జిగురు పెట్టి నొక్కిన భారీ పలకే సీఎల్‌టీ (క్రాస్ లామినేటెడ్ టింబర్). మూడు, ఐదు, ఏడు పొరల్లో దొరుకుతుంది. బరువు కాంక్రీటులో దాదాపు ఐదో వంతు. నడుస్తున్న ఆసుపత్రి మీద కొత్త అంతస్తు లేపాలనుకునేవాళ్లకు ఇంతకు మించిన సరుకు లేదు. సెంట్రింగు, క్యూరింగు ఉండవు. కింది వార్డులకు దుమ్ము, చప్పుడు బాగా తగ్గుతాయి.

నిప్పు భయం అందరికీ ఉంటుంది. ఐరోపా కట్టడాల ప్రమాణం యూరోకోడ్ లెక్కలో ఇలాంటి చెక్క నిమిషానికి 0.65 మి.మీ. బొగ్గవుతుంది. గంటకు 39 మి.మీ., దాని వెనక వేడికి బలం పోయిన 7 మి.మీ. కలిపితే 46. ఒక్కో పొర 35 మి.మీ. ఉన్న 175 మి.మీ. పలకలో కింది పొర పూర్తిగా పోతుంది, రెండోది అడ్డపొర కాబట్టి బరువు మోయదు. అంటే మిగిలిన మూడు పొరలే శ్లాబును మోయాలి. డిజైనరు ఈ లెక్క చూపించాలి. పాత జిగుర్లు వేడికి వదిలి పొరలు రాలి, మంట మళ్లీ రాజుకునేది. అందుకే సీఎల్‌టీకి అమెరికా పెట్టిన ఏఎన్‌ఎస్‌ఐ పీఆర్‌జీ 320 ప్రమాణం 2018 కూర్పుకు తగ్గ జిగురేనని కాగితం మీద రాయించుకోండి.

అసలు శత్రువు నీళ్లు. రోగుల బాత్‌రూములో నహానీ ట్రాప్ చుట్టూ వాటర్‌ప్రూఫింగు వదిలితే నీళ్లు స్క్రీడు (టైల్స్ కింది సిమెంటు పొర) కింద పాకి, పలకల అతుకులో దిగి, ఎక్కడో దూరాన బయటపడతాయి. అప్పటికి చెక్క ఎన్నో నెలలుగా నానుతూ ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి సుమారు 12 శాతం తేమతో వచ్చే పలక 20 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజు, కుళ్లు మొదలవుతాయి. పట్టీల కోసిన చివరలే అన్నిటికన్నా వేగంగా నీళ్లు పీలుస్తాయి, అందుకని పైపు రంధ్రాల అంచులకు ముందే సీలరు పూయాలి. నీళ్లు దిగనివ్వని మెంబ్రేను పొరను గోడ మీదికి ఎక్కించాలి, ట్రాప్ పక్కన తేమ సెన్సరు పెట్టాలి. బాత్‌రూములన్నీ ఒకే నిలువు వరసలో ఉంటే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది.

రంధ్రాలన్నీ ఫ్యాక్టరీలోనే కోయించాలి. ఆక్సిజన్ లైన్లు, ఏసీ డక్టుల డ్రాయింగు ఆలస్యమైతే సైటులో రంపం పడుతుంది, రంధ్రాల చుట్టూ నిప్పు దాటకుండా వేసే సీలు లెక్క తప్పుతుంది.

శబ్దం మాటకొస్తే ఉత్త 175 మి.మీ. శ్లాబు ఎస్‌టీసీ (శబ్దాన్ని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 39 దగ్గరే ఆగుతుంది, వార్డుకు చాలదు. పైన మెత్తని మ్యాటు, దాని మీద కాంక్రీటు పొర తప్పనిసరి. ఆపరేషన్ థియేటరుకు అమెరికా మార్గదర్శకాలు అడిగే కంపన పరిమితి సుమారు సెకనుకు 100 మైక్రోమీటర్లు. తేలిక శ్లాబు నడక అదురుకే దాన్ని దాటేయొచ్చు. థియేటర్లను, ఎమ్మారైని నేల మీదే కాంక్రీటులో ఉంచడం మేలు. ఎక్స్‌రేను చెక్క ఆపదు. సీసపు షీటు లెక్క విడిగా వేయాలి.

రోగికి దక్కే హాయి మాత్రం నిజం. ఇంగ్లండులో రాయల్ ఓల్డమ్ ఆసుపత్రి ఆవరణలో 2017లో తెరిచిన మ్యాగీస్ కేన్సర్ కేంద్రాన్ని ట్యులిప్‌వుడ్ అనే గట్టిజాతి చెక్క సీఎల్‌టీతో కట్టారు. కీమో తీసుకునేవాళ్ల వేళ్లకు చల్లటి లోహం తగిలితే నొప్పి పుడుతుందని తలుపు పిడులు కూడా చెక్కవే పెట్టారు. ఇంత ఆలోచించి కట్టిన చోటు చెక్కకు పూర్తి న్యాయం చేసింది. అయితే అది సలహా, ఊరట కోసం వచ్చేచోటు, పడకల వార్డు కాదు. వార్డులో చెక్కను పైకప్పుకు, స్ట్రెచరు తగలని ఎత్తుకు వదిలేయండి. రోజూ క్లోరిన్‌తో తుడిచే గోడకు వినైల్ షీటే సరి.

కోస్తాలో కట్టేవాళ్లు చెదను కూడా లెక్కలో వేసుకోవాలి: కింది అంతస్తు మొత్తం కాంక్రీటు, పునాదికి చెదమందు, ఆ పైనుంచే చెక్క.