రెండో నేమ్ సర్వర్ నల్లగొండలోనా, బయటా?

కాలేజీ డొమైన్‌కు డీఎన్‌ఎస్ (సైట్ పేరుకు ఐపీ అడ్రస్ ఏదో చెప్పే వ్యవస్థ) సొంతంగా నడపాలనుకుంటే ప్రైమరీ, అంటే అసలు రికార్డులుండే నేమ్ సర్వర్, నల్లగొండలోనే పెట్టుకోవచ్చు. చిక్కంతా సెకండరీ, అంటే వాటి కాపీ ఉంచుకునే రెండో సర్వర్ దగ్గరే.

రెండూ ఒకే గదిలో ఉంటే ఖర్చు తక్కువ. కానీ కరెంటు పోయినా, రోడ్డు తవ్వి ఫైబర్ తెంపినా రెండూ ఒకేసారి పడుకుంటాయి. 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2182 (ఇంటర్నెట్ పద్ధతులు చెప్పే పత్రం) కూడా సెకండరీని వేరే ఊళ్లో, వేరే నెట్‌వర్క్‌లో పెట్టమంటుంది.

హైదరాబాద్‌లోనో ముంబైలోనో చిన్న వీపీఎస్ (అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) తీసుకుంటే నెలనెలా అద్దె. ప్రైమరీలో టీసీపీ 53 పోర్టు (డీఎన్‌ఎస్ వాడే దారి) తెరిచి, జోన్ ట్రాన్స్‌ఫర్‌ను, అంటే రికార్డులన్నీ సెకండరీకి కాపీ కావడాన్ని, ఆ వీపీఎస్ ఐపీకే అనుమతించాలి. రికార్డు మార్చిన ప్రతిసారీ, మార్పు జరిగిందని సెకండరీకి తెలిపే సీరియల్ నంబర్ పెంచాలి. మరిచిపోతే సెకండరీ పాత కాపీనే పట్టుకుని కూర్చుంటుంది. విసుగు పనే, అయినా నేనైతే బయటే పెడతాను. అద్దె బరువైతే మహబూబ్‌నగర్‌లోని ఇంకో కాలేజీతో మాట్లాడుకుని ఒకరికొకరు సెకండరీగా ఉండొచ్చు. ఇద్దరి ఇంటర్నెట్ లైనూ ఒకే కంపెనీది కాకుండా చూసుకోవాలి.