బాణం చూపిన చోటే దొరికింది: గుర్రాల కంచెకు ఫాల్ట్ ఫైండర్, చాలాకాలం వాడాక

గుర్రాల దొడ్డికి కరెంటు కంచె వేయడం పెద్ద కష్టమేం కాదు. వేసిన కంచెలో వోల్టేజీ ఎక్కడ పోతోందో పట్టుకోవడమే కష్టం. అందుకే కంచెలో లీకు వెతికి పెట్టే ఈ ఫాల్ట్ ఫైండర్‌లో నాకు నచ్చింది ఒక్కటే: తెర మీద కనిపించే చిన్న బాణం. వోల్టులు చూపించే పరికరాలు చాలానే ఉన్నాయి. వాటితో కంచె బలహీనంగా ఉందని తెలుస్తుంది, అంతే. ఇది ఆంపియర్లు కూడా కొలిచి, కరెంటు ఎటు పోతోందో చూపిస్తుంది. అంకె ఎక్కువగా ఉన్నంతసేపు బాణం వెంట నడవాలి. అంకె ఒక్కసారిగా పడిపోయినా, బాణం వెనక్కి తిరిగినా లీకు దాటేసినట్టే.

దీని విలువ నాకు తెలిసింది గేటు దగ్గర. మా కంచె పొడి రోజుల్లో బాగానే ఉండేది, వాన పడితే నీరసించేది. ఈ సంగతి మాకంటే ముందు గుర్రాలకే తెలిసింది. ఆడగుర్రం ఒకటి కింది టేపు (స్టీలు పోగులు అల్లిన కంచె పట్టీ) కింద నుంచి మెడ చాచి అవతలి గడ్డి తినడం మొదలుపెట్టింది. మీసాలతో టేపును తడిమి చూసి, షాక్ లేదని తేలాక భుజంతో నెట్టేది. కంచె విప్పేసి, దానికి కరెంటు దెబ్బలు పంపే మెషిన్‌ను విడిగా కొలిస్తే 8,000 వోల్టులు. కంచె తగిలిస్తే 2,800. గుర్రం వెనక్కి తగ్గాలంటే కంచె చివరి దాకా కనీసం 3,000 ఉండాలనే చెబుతారు. దట్టమైన జూలు, కప్పిన దుప్పటి ఉంటే అదీ చాలదు.

అందరిలాగే గడ్డి కోశాం, పగిలిన ఇన్సులేటర్లు మార్చాం. చీకటి పడ్డాక నిప్పురవ్వల కోసం, టిక్ టిక్ శబ్దం కోసం కంచె పొడుగునా తిరిగాం. ఏమీ దొరకలేదు. అప్పుడు తెప్పించాను దీన్ని. గేటుకు ఇవతలి గుంజ దగ్గర పెడితే 14 ఆంపియర్లు, బాణం గేటు వైపు. గేటు దాటి అవతలి గుంజ దగ్గర పెడితే 3. మధ్యలో కంటికి కనిపించే తీగే లేదు. ఉన్నదల్లా నేల కింద నుంచి పోయే వైరు.

మెషిన్ ఆపి తవ్వాం. ముందెప్పుడో కంచె వేసినవాళ్లు అక్కడ మామూలు ఇంటి వైరింగ్ వైరు వేసి మూసేశారు. దాని పూత తట్టుకునేది 600 నుంచి 1,100 వోల్టుల వరకే. దానిలోంచి దాదాపు సెకనుకోసారి 8,000 వోల్టుల దెబ్బ పోతుంటే అది ఎన్నాళ్లు నిలుస్తుంది! వైరు వేసిన పైపులో నీళ్లు నిలిచి ఉన్నాయి. వైరు తుడిచి చూస్తే సూదిమొనంత రంధ్రం, దాని చుట్టూ నల్లగా మాడిన మరక. రాగి తీగను గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న) తీగకు నేరుగా చుట్టిన చోట పచ్చటి పొడి, వేలితో తాకితే రాలిపోయింది. తేమలో ఆ రెండు లోహాలు కలిస్తే తుప్పు పట్టక తప్పదు. కంచెల కోసమే చేసిన డబుల్ ఇన్సులేషన్ కేబుల్ వేసి, పైపు రెండు చివరలనూ కిందికి వంచి పెట్టాం. ఆ సాయంత్రం చివరి గుంజ దగ్గర 6,900 వచ్చింది. ఆడగుర్రం ఒక్కసారి ముక్కు తాకించి, ఆ తర్వాత టేపుకు రెండడుగుల దూరంలోనే మేసింది. ఆ తృప్తి మాటల్లో చెప్పలేను.

చాలాకాలం వాడాక మాత్రం ఈ బాణాన్ని ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో తెలిసింది. కంచె పొడవునా గడ్డి తగులుతూ ఉంటే లీకు ఒకచోట ఉండదు. అంకె కొంచెం కొంచెంగా తగ్గుతూ పోతుంది, బాణం వల్ల లాభం ఉండదు. మూడు వరసల టేపులను మధ్యమధ్యలో జంపర్లతో (చిన్న జోడింపు తీగలతో) కలిపి ఉంటే, ఒక వరసలో బాణం వెనక్కి చూపించి తికమక పెడుతుంది. జంపర్లు విప్పి ఒక్కో వరసా చూసుకోవాలి. టేపు గాలికి ఇన్సులేటర్ దగ్గర రాసుకుని లోపలి సన్నటి స్టీలు పోగులు తెగిపోతే పైకి టేపు బాగానే కనిపిస్తుంది. అక్కడ బాణం కన్నా వోల్టులే చూసుకోవాలి: తెగిన చోటు దాటగానే పడిపోతాయి. ఎర్త్ సరిగా లేకపోయినా ఇది చెప్పదు. కంచె మీద వోల్టులూ ఆంపియర్లూ రెండూ తక్కువే కనిపించి ఊరుకుంటుంది. దానికి పాత పరీక్షే గతి. మెషిన్‌కు 100 మీటర్ల అవతల, ఇనుప కడ్డీలతో కంచెను నేలకు కలిపి 2,000 వోల్టుల కిందికి దించి, ఎర్త్ రాడ్ మీద కంచెల కోసం చేసిన వోల్ట్ మీటర్‌తో కొలవాలి. 300 దాటితే మూడు మీటర్ల ఎడంతో ఇంకో రాడ్ దిగ్గొట్టాల్సిందే.

దీనికి రిమోట్ కూడా ఉంది. ఉన్నచోటి నుంచే మెషిన్ ఆపొచ్చన్న మాట నిజమే. కానీ ఆ సంకేతం కంచె తీగ గుండానే పోవాలి. తీగ తెగి ఉంటే, అంటే ఆపాల్సిన అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నప్పుడే, అది పనిచేయదు. పైగా అదే కంపెనీ మెషిన్ అయితేనే పనికొస్తుంది. టేపు గాలికి కొట్టుకుంటుంటే పరికరం స్టీలు పోగులకు సరిగా ఆనదు. మూడు నాలుగు దెబ్బలు పడేదాకా గట్టిగా అదిమి పట్టుకోవాలి.

నాకున్నవి పక్కపక్కన నాలుగు దొడ్లు, మూడు గేట్లు. నేల కింద ఏముందో ఎవరికీ తెలియని పాత కంచె. అందుకే నాకు దీని ఖరీదు గిట్టుబాటైంది. ఒకే దొడ్డి, కంటికి ఆనే కంచె ఉన్నవాళ్లకు ఇంత ఖర్చు అక్కర్లేకపోవచ్చు. వాళ్లకు లైట్లు వెలిగే చౌక టెస్టరూ, మీడియం వేవ్ రేడియో ఒకటీ సరిపోవచ్చు. రేడియోను ఏ స్టేషనూ పలకని చోటికి తిప్పి పెట్టి కంచె వెంట నడిస్తే, నిప్పురవ్వ కొట్టే చోట టక్ టక్ మని గట్టిగా వినిపిస్తుంది. అయితే గేటు కింద కేబుల్ పాతిపెట్టి ఉంటే మాత్రం, కొనకపోయినా ఉన్నవాళ్ల దగ్గర ఒక పూట అరువు తెచ్చుకుని, గేటుకు అటూ ఇటూ ఒకసారి కొలిచి చూసుకోండి.